అగ్న్యశ్వ వత్సరము

ఉగాదినాడు దేవాలయమునందో గ్రామచావడియందో పంచాంగశ్రవణము జరుగును. ఆ యేటికి రాజెవడు, మంత్రి యెవడు, వానలెట్టివి, పంటలెట్టివి, ఏ రాశివారికి ఆదాయమెంత, వ్యయమెంత యను సంగతులన్నియు పురోహితుడు చదువును. పెద్దలు తలలూపుచు విందురు. ప్రభవ మొదలు అక్షయ వఱకు గల అరువది పేర్లలో మంచి పేరు వచ్చినచో సంతోషింతురు. రౌద్రి యనియో దుర్మతి యనియో వచ్చినచో కొంచెము జంకుదురు. ఉగాదిపచ్చడి చేదువలెనే ఆ జంకును మఱునాటికి మఱచిపోవుదురు. సంవత్సరము పేరు చూచి బిడ్డలను కనుట మానిన దేశమెక్కడనైన కలదా యని యెవరైన అడిగినచో మనము నవ్వుదుము.

అట్టి దేశము కలదు. అది చదువురాని దేశము కాదు. 1964లో ఒలింపిక్ క్రీడలకు ఆతిథ్యమిచ్చి, ఆ యేటనే గంటకు 200 కిలోమీటర్లకు పైబడిన వేగముతో రైలును నడపిన జపాను దేశమది. అచ్చట 1965లో 18,23,697 మంది శిశువులు జన్మించిరి. 1966లో జన్మించినవారు 13,60,974 మంది మాత్రమే. 1967లో మరల 19,35,647 మంది. అనగా ఒక్క యేట నాలుగున్నర లక్షలకు పైగా శిశువులు తగ్గిరి. వెనుకటి యేటితో పోల్చినచో నూటికి ఇరువదియైదుగురు పుట్టలేదు. ఆ యేట యుద్ధము లేదు, క్షామము లేదు, మారీభయము లేదు. ఉన్నదెల్ల ఆ సంవత్సరమునకు ఒక పేరు. ఆ పేరు హినోఎ-ఉమ, అనగా అగ్న్యశ్వము. ఆ యేట పుట్టిన ఆడుది మగనిని చంపునని లోకము చెప్పుకొనుచుండెను.

ఒక పేరునకు ఇంతటి బలమెట్లు వచ్చినది? దీనిని తెలిసికొనుటకు ఆ పేరు పుట్టిన చైనాదేశమునకు పోవలెను.

చైనావారికిని మనవలెనే అరువదేండ్ల చక్రము కలదు. అయితే దాని పుట్టుక వేఱు. మన చక్రము బృహస్పతి నడకనుండి వచ్చినది. వారిది రెండు వరుసల జోడింపునుండి వచ్చినది. ఒక వరుసలో పది గుర్తులు, వీనిని ఆకాశకాండములందురు. రెండవ వరుసలో పండ్రెండు గుర్తులు, వీనిని భూశాఖలందురు. మొదటిదానికి మొదటిది, రెండవదానికి రెండవది చొప్పున జతపఱచుచు పోయినచో అరువది జంటలైన పిమ్మట మరల మొదటి జంట వచ్చును. క్రీస్తునకు పూర్వము పదుమూడవ శతాబ్దినాటికే షాంగ్ రాజులు ఎముకలమీదను తాబేటిచిప్పలమీదను చెక్కించిన ప్రశ్నలలో ఈ జంటలు కనబడుచున్నవి. ఆన్‌యాంగ్ ప్రాంతమున దొరకిన యొక యెముకమీద అరువది జంటల పట్టిక యంతయు వరుసగా చెక్కబడియున్నది. అప్పుడవి దినములను లెక్కించుటకే యుపయోగపడెను. సంవత్సరములకు ఈ జంటలను వరుసగా వాడుట హాన్ వంశమువారి కాలమున, క్రీస్తుశకము మొదటి శతాబ్దినాటికి స్థిరపడెను. మనము సోమవారము, మంగళవారము అనునట్లు లెక్కకొఱకు పుట్టిన గుర్తులివి. వీనియందు శుభము లేదు, అశుభము లేదు.

ఈ లెక్కకు పిమ్మట రెండు అలంకారములు చేరెను. మొదటిది పంచద్రవ్యములు: కొయ్య, అగ్ని, మన్ను, లోహము, నీరు. పది కాండములకు ఈ యైదింటిని రెండేసి చొప్పున పంచిరి. రెండవది పండ్రెండు జంతువులు: ఎలుక, ఎద్దు, పులి, కుందేలు, డ్రాగను, పాము, గుఱ్ఱము, మేక, కోతి, కోడి, కుక్క, పంది. ఇవి పండ్రెండు శాఖలకు చేరినవి. ఈ విధముగా ప్రతి సంవత్సరమునకు ఒక ద్రవ్యము, ఒక జంతువు కలిసి స్వభావమేర్పడినది. ఎలుక యేట పుట్టినవాడు తెలివిగలవాడు, కూడబెట్టువాడు. ఎద్దు యేటివాడు ఓర్పుగలవాడు. పులి యేటివాడు సాహసి. డ్రాగను యేటివాడు మహాభాగ్యవంతుడు. గుఱ్ఱపు టేటివాడు నిలకడలేనివాడు. జంతువు గుణమును మనుష్యునకు అంటగట్టుట తప్ప ఇందు వేఱు శాస్త్రము లేదు.

ఈ జంతువులు మొదట ఏ పనికి వచ్చినవో తెలిసికొన్నచో చదువరులు ఆశ్చర్యపడుదురు. 1975లో హుబే రాష్ట్రమున షుయిహుది యను చోట ఒక చిన్న యుద్యోగి సమాధిని త్రవ్విరి. క్రీస్తునకు పూర్వము 217లో పూడ్చబడిన ఆ సమాధియందు వేయింటికి మించిన వెదురుబద్దలమీద వ్రాతలు దొరకినవి. అందు దినఫలముల గ్రంథమొకటి. దానిలో పండ్రెండు శాఖలకు జంతువులు చెప్పబడినవి. కాని అవి బిడ్డల జాతకములు చెప్పుటకు కాదు, దొంగలను పట్టుటకు! ఎలుక దినమున సొత్తు పోయినచో దొంగకు మూతి మొనదేలియుండును, మీసము పలుచగానుండును అని యిట్లు ఒక్కొక్క దినమునకు ఒక్కొక్క దొంగ పోలిక వ్రాయబడినది. అంతకంటె ముఖ్యమైన సంగతి మఱియొకటి. ఆ పట్టికలో ఏడవ శాఖకు నేడు చెప్పెడు గుఱ్ఱము లేదు, లేడి యున్నది. గుఱ్ఱము ఎనిమిదవ చోట నున్నది. ఆ పాత పట్టికయే నిలిచియున్నచో 1966 అగ్న్యశ్వము గాక అగ్నిమృగమై యుండును. బెదరుచూపుల లేడిపేర పుట్టిన పిల్లను మగనిచంపు గుఱ్ఱమని యెవరును భయపడియుండరు. ఒక వ్రాయసగాని పట్టికయందలి మార్పుమీద లక్షలమంది ఆడుపిల్లల బ్రతుకు ఆధారపడుట ఎంత విపరీతము!

ఈ విపరీతమును పండ్రెండు జంతువుల పట్టిక క్రొత్తగా వ్యాపించుచున్న కాలముననే యొక చైనాపండితుడు కనుగొనెను. అతని పేరు వాంగ్ చోంగ్. అతడు క్రీస్తుశకము 27లో పుట్టినవాడు, పేదవాడు. పుస్తకములు కొనుటకు సొమ్ములేక లోయాంగ్ నగరపు అంగళ్లలో నిలువబడి చదువుకొన్నాడని చరిత్రకారులు వ్రాసిరి. అప్పటి పండితులు ద్రవ్యములకు వైరము గలదనియు, నీరు అగ్నిని జయించుననియు, లోహము కొయ్యను జయించుననియు, జంతువులలో ఒకటి మఱియొకదానికి లొంగుట దీనివలననే యనియు చెప్పుచుండిరి. వాంగ్ చోంగ్ తన లున్‌హెంగ్ గ్రంథమున వారిని తిన్నగా ప్రశ్నించెను. ఎలుక నీటిది గదా, గుఱ్ఱము అగ్నిది గదా; అట్లయినచో ఎలుక గుఱ్ఱమును తఱుముట యెవరైన చూచిరా? కోడి లోహమునది, కుందేలు కొయ్యది. కోడి కుందేటిని పొడిచి చంపుట యెక్కడనైన కలదా? ఈ ప్రశ్న వేసి పందొమ్మిదివందల యేండ్లు దాటినవి. జవాబు నేటికిని రాలేదు. ఐనను పట్టిక మాత్రము నిలిచినది.

ఇక అగ్న్యశ్వము మాట. గుఱ్ఱపు శాఖ దక్షిణదిక్కునకును మిట్టమధ్యాహ్నమునకును నడివేసవికిని గుర్తు. కనుక దానిని సహజముగనే అగ్ని యనిరి. దానితో అగ్నికాండము కూడినచో అగ్నిమీద అగ్ని యగును. ఇది అరువదేండ్లకొకసారి వచ్చును. చైనాలో ఈ సంవత్సరమును, దీని వెంటనే వచ్చు అగ్నిమేష సంవత్సరమును రాజ్యమునకు కీడని పండితులు తలచిరి. వారికి ఆధారము దొరకకపోలేదు. 1126లో, అనగా అగ్న్యశ్వమున, జుర్చెన్ జాతివారు సోంగ్ వంశపు రాజధానియైన కైఫెంగ్‌ను ముట్టడించిరి; 1127లో తండ్రికొడుకులైన యిద్దఱు చక్రవర్తులను చెఱపట్టి ఉత్తరమునకు కొనిపోయిరి. మరల 1246లో అగ్న్యశ్వము వచ్చినపుడు చాయ్ వాంగ్ అను నతడు పూర్వపు అగ్న్యశ్వములందు కలిగిన విపత్తులనెల్ల ఏర్చికూర్చి యొక గ్రంథమును చక్రవర్తికి సమర్పించెను. దానికి బహుమానముగా చెఱసాలకు పోయెను. ఏర్చికూర్చుటలోనే మోసమున్నది. విపత్తులేని అగ్న్యశ్వములను ఆ పట్టికలో చేర్చరు. తక్కిన యేబదియెనిమిదేండ్ల విపత్తులను లెక్కింపరు. ఆ సోంగ్ వంశమే తుదకు 1279లో సమూలముగా నశించినది. అది ఏ సంవత్సరము? మన్నుద్రవ్యము గల కుందేటి సంవత్సరము. పండ్రెండింటిలో మిక్కిలి సాధువని పేరొందినది!

చైనాపండితుల భయము రాజులనుగూర్చినది, యుద్ధములనుగూర్చినది. అందు ఆడుపిల్ల ప్రసక్తి లేదు. ఆ నేరము ఆడుపిల్లమీదికి తిరిగినది జపానులో. చైనా పంచాంగము కొరియామీదుగా క్రీస్తుశకము ఏడవ శతాబ్దినాటికి జపాను చేరినది. ఎడో, అనగా నేటి టోక్యో, కొయ్యయిండ్ల నగరము. అగ్నిభయము ఆ నగరమునకు నిత్యభయము. 1683లో అచ్చట ఓషిచి యను కూరగాయల వర్తకుని కూతురిని ఇల్లు తగులబెట్టిన నేరమునకు సజీవదహనము చేసిరి. అంతకు ముందు జరిగిన గొప్ప యగ్నిప్రమాదమున ఆమె కుటుంబము ఒక ఆలయమున తలదాచుకొన్నదనియు, అచ్చట నొక యువకుని వలచినదనియు, మరల నగ్నిప్రమాదమైనచో మరల అతనిని చూడవచ్చునని తలచి నిప్పు పెట్టినదనియు కథ. 1686లో సైకాకు అను ప్రసిద్ధరచయిత ఈ కథను తన గ్రంథమున చేర్చెను. పిమ్మట బొమ్మలాటవారును నాటకములవారును దీనిని దేశమంతట వ్యాపింపజేసిరి. ఓషిచి అగ్న్యశ్వమైన 1666లో పుట్టినదని లోకము నమ్మినది. కాని ఆమె పుట్టిన యేటికి గట్టి యాధారము లేదు. కథలలో ఆమెకు చెప్పిన పదునాఱేండ్ల వయస్సును ఆనాటి జపానువారి పద్ధతిని లెక్కించినచో 1668 వచ్చును గాని 1666 రాదు. పాపమా పిల్ల చేసిన తప్పునకు నిప్పులలో పడినది. ఆమె చేయని తప్పునకు, ఆమె పుట్టని సంవత్సరమున పుట్టిన ఆడువారందఱును తరతరములు దండన అనుభవించిరి.

ఆ దండన మాటలతో పోలేదు. 1906లో అగ్న్యశ్వము వచ్చినపుడు జననములు తగ్గినవి. జననపట్టికలలో ఆడుశిశువులకంటె మగశిశువుల సంఖ్య మామూలునకు మించి కనబడినది. తల్లిదండ్రులు కూతుళ్ల పుట్టిన యేడు 1905 అనియో 1907 అనియో వ్రాయించుకొనుటయే దీనికి ముఖ్యకారణము. అట్లు దాచని తల్లిదండ్రుల కూతుళ్లు ఇరువదేండ్లవారగునప్పటికి సంబంధములు తప్పిపోవుచుండెను; అవమానము భరింపలేక ఆత్మహత్య చేసికొన్న యువతుల వార్తలు 1920 తరువాతి పత్రికలలో పడినవి. ఈ తరుణులు మగలను చంపలేదు. లోకమే వారిని చంపినది.

అరువదేండ్లు గడచెను. 1966 వచ్చునప్పటికి జపానులో బాలికలందఱును బడికి పోయినవారే. పంచాంగమును నిజముగా నమ్మువారు కొలదిమంది. ఇది మూఢవిశ్వాసమని పలువురు ముందుగనే ప్రచారము చేసిరి; కొన్ని గ్రామములు దీనిని తఱిమివేయుదుమని పూనిక వహించినవి. ఐనను పైని చెప్పినట్లు నాలుగవవంతు శిశువులు తగ్గిరి. సంతానము వలదనుకొన్నచో నిలుపుకొను సాధనములు ఈ పర్యాయము ప్రతి యింటికిని అందుబాటులోనుండుట దీనికొక కారణము. కాని సాధనము పని చేయించునది గాదు, తలపు చేయించును. ఆ తలపు ఎట్టిదో మనకు బాగుగా తెలియును. “నాకు నమ్మకము లేదు. కాని రేపు పిల్లకు పెండ్లీడు వచ్చినపుడు లోకము నమ్మును గదా! పిల్ల గొంతుక నేనేల కోయవలెను?” ఈ మాట ఒక్కరన్నచో వివేకమువలె కనబడును. లక్షలమంది యొకే యేట అన్నచో అదియే లోకమగును. నమ్మని వారందఱు కలిసి, నమ్ముచున్నారని తాము తలచినవారికి భయపడిరి. ఆ నమ్మువారు ఎందఱో, ఎక్కడనున్నారో ఎవరును విచారింపలేదు.

ఇంకను దుస్సహమైన సంగతి కలదు. 1966లో పుట్టిన ఆడుశిశువులలో కొలదిదినములకే ప్రమాదములవలనను హింసవలనను మరణించినట్లు వ్రాయబడినవారు ఇరుప్రక్కల యేండ్లకంటె హెచ్చుగా నుండిరని 1975లో వెలువడిన యొక పరిశోధన చూపినది. అంకెలు నోరులేనివి, కాని ఈ యంకెకు నోరున్నచో ఏమి చెప్పునో తల్లులు ఊహింపగలరు.

ఈ నమ్మకమునకు నిజముగా బలమున్నదేమో యని సందేహించువారికి ఆ యేట పుట్టినవారే సమాధానము. వారు సంఖ్యలో తక్కువగుటచే బడులలో పిల్లలు పలుచబడిరి. అంతకంటె వేఱు చిహ్నము వారిమీద లేదు. 1966 సెప్టెంబరు 11న పుట్టిన కికో యను యువతిని 1990లో జపాను చక్రవర్తి రెండవ కుమారుడు అకిషినో వివాహమాడెను. 2006లో వారికి కుమారుడు కలిగెను; సింహాసనమునకు తండ్రి పిదప వారసుడు ఆ బాలుడే. ఆమె భర్త యువరాజై యున్నాడు. అగ్న్యశ్వము రాజగృహమున కాపురము చేసి వంశమును నిలిపినది.

దుశ్శకునముగల యేడు బిడ్డలను పోగొట్టినట్లే శుభశకునముగల యేడు బిడ్డలను పోగుచేయును. తైవాను ద్వీపమున పులి సంవత్సరమైన 2010లో 1,66,886 మంది శిశువులు పుట్టగా, డ్రాగను సంవత్సరమైన 2012లో 2,29,481 మంది పుట్టిరి. పులి యేటి బిడ్డ క్రూరమనియు డ్రాగను యేటి బిడ్డ భాగ్యశాలియనియు తల్లిదండ్రుల యాశ. ఆ భాగ్యశాలులందఱును ఒకే యేట బడికి పోవలెను, ఒకే యేట పరీక్షలకు కూర్చుండవలెను, ఒకే యేట ఉద్యోగములకు పోటీపడవలెను. అదృష్టమును వెదకిన తల్లిదండ్రులు బిడ్డలకు కొనిపెట్టినది ఇఱుకు.

చైనావారు ‘విధవ సంవత్సర’మని మఱియొకదానిని పిలుతురు. దాని మూలము చూచినచో నవ్వు వచ్చును. వారి చాంద్రసంవత్సరమునకు మనకువలెనే సుమారు 354 దినములు. సూర్యునితో సరిపెట్టుటకు మనకువలెనే అధికమాసము వేయుదురు. వసంతారంభమను గుర్తుదినము సూర్యుని ననుసరించి ప్రతియేట ఫిబ్రవరి 4వ తేదీ ప్రాంతమున వచ్చును. అధికమాసము గల దీర్ఘసంవత్సరమున ఆ దినము రెండుమార్లు పడవచ్చును. పొట్టి సంవత్సరమున ఒక్కమాఱును పడకపోవచ్చును. 2024 ఫిబ్రవరి 10 మొదలు 2025 జనవరి 28 వఱకు గల సంవత్సరమున అది పడలేదు. దాని తరువాతి సంవత్సరమున రెండు పడినవి. వసంతము లేనిది విధవ సంవత్సరమట, అందు పెండ్లాడరాదట! కూడిక తీసివేతలలో మిగిలిన శేషమునకు వైధవ్యమని పేరు పెట్టిరి. ఇందును ఆడుదాని తలమీదనే వ్రాత.

ఇంతవఱకు ఇతరుల సంగతి చెప్పితిని. చదువరులు మందహాసము చేసియుందురు. ఇప్పుడు మన యింటివైపు తిరుగుదము. 1906, 1966, 2026 అగ్న్యశ్వములు. ఆ యేండ్లలో ఉగాదినుండి మనకు నడచునది పరాభవ నామ సంవత్సరము. రెండు చక్రములును అరువదేసి యేండ్లవగుటచే ఈ జత ఎన్నటికిని విడదు. పరాభవమనగా ఓటమి, అవమానము. ఐనను 1966లో మన దేశమున పుట్టిన పిల్లను పరాభవమున పుట్టినదని ఎవరును వెలివేయలేదు. ఒకే కాలము, అచ్చట ఉరిత్రాడు, ఇచ్చట ఉట్టి పేరు. కాలమునకు స్వభావమున్నచో అది ఎల్లెడల ఒకటే గావలెను గదా.

కాని మనము గర్వింపరాదు. మన యిండ్లలో సంవత్సరమునకు బదులు నక్షత్రమున్నది. మూల యందు పుట్టిన పిల్ల మామగారికి కీడు. ఆశ్లేష యందు పుట్టినది అత్తగారికి. జ్యేష్ఠ యందు పుట్టినది బావగారికి. విశాఖ యందు పుట్టినది మఱదికి. ఈ పట్టికను మనలో పెద్దలు కంఠస్థముగా నెఱుగుదురు. మగపిల్లవాడు అవే నక్షత్రములందు పుట్టినచో అత్తమామలకు వచ్చు కీడును ఇంతగా ఎవరు విచారించుచున్నారు? అరువదేండ్లకొకసారి వచ్చు అగ్న్యశ్వము జపానువారిని ఒక్క యేడు బాధించును. మన మూలానక్షత్రమో ఇరువదియేడు దినములకొకసారి వచ్చును. జపానువారివలె మనమును పుట్టినవేళ దిద్ది జాతకము వ్రాయించుకొనుట కలదు. జాతకము నమ్మువాడు దానిని దిద్దునా? దిద్దినవాడు నమ్మలేదు, ఎదుటివాడు నమ్మునని భయపడినాడు. ఆ యెదుటివాడును తన కూతురి జాతకమును దిద్దియేయుండును.

జపాను చరిత్ర మనకు నేర్పునది ఇదియే. పత్రికలలో వ్యాసములు వ్రాసినంతమాత్రమునను సభలలో ఉపన్యసించినంతమాత్రమునను 1966 తప్పలేదు. ఒక్కొక్క యింటిలో ఒక్కొక్క దంపతులు లోకమునకు వెఱచినందువలన ఆ లోపము కలిగినది. ఒక్కొక్క యింటిలో వెఱపు విడిచినగాని అది పోదు. కూతురు గలవారికి ఈ పని కష్టము, నిజమే. వారికి రేపటి భయమున్నది. కుమారులు గలవారికి ఆ భయము లేదు. కావున బరువు వారిమీద నున్నది. సంబంధము కుదిరి, పిల్ల నచ్చి, తుదకు పురోహితుడు వ్రేళ్లు మడచి “మూల” అని పెదవి విఱిచినపుడు, మామగారు కాబోవు పెద్దమనిషి ఒక్కమాట చెప్పినచో చాలును: “ఆ కీడు నాకు గదా, నేను సమ్మతించితిని. లగ్నము పెట్టుడు.” ఆ మాట వినబడిన వీధిలో మఱియొక తండ్రి కూతురి జాతకము దిద్దించుకొనుటకు పోడు.